రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది: ఒక అమెరికన్ సిపాయి కుటుంబ చరిత్ర

1820లో, మెయిన్ అప్పుడప్పుడే మసాచుసెట్స్ నుంచి విడిపోయి కొత్త రాష్ట్రమైన ఏడాది, అరవైకి దగ్గరపడ్డ ఒక ముసలి సిపాయి కోర్టు ముందు నిలబడి తన ఆస్తి లెక్క చెప్పాడు. భూమి లేదు. ఇల్లు లేదు. ఆదాయం ఏమీ లేదు. ఒంటి మీది బట్టలు, పడుకునే పక్క లెక్కలోకి రావు కాబట్టి అవి పోగా మిగిలింది రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. కూలి చేసి బతికేవాడినని, వయసు మీద పడి ఇప్పుడు చేయలేకపోతున్నానని, భార్యకు కీళ్ల నొప్పులని, అయిదుగురు పిల్లలున్నారని, పెన్షన్ లేకపోతే ఇల్లు గడవదని చెప్పాడు. గుమస్తా అదంతా రాసుకున్నాడు.

ఆ సిపాయి పేరు జోసెఫ్ ప్లంబ్ మార్టిన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1776 నుంచి 1783 దాకా, మధ్యలో కొన్ని నెలల విరామం తప్ప, మొత్తం చూసినవాడు. జనరల్స్ గురించి గ్రంథాలు గుట్టలుగా ఉన్నాయి. మామూలు సిపాయి ఇంట్లో ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం ఇలాంటి కాగితాలే దిక్కు. మార్టిన్ కుటుంబం విషయంలో ఒక విశేషం ఉంది. అదే యుద్ధంలో పనిచేసి, ఆ తర్వాత అదే ప్రాంతంలో స్థిరపడిన ఒక జనరల్ కుటుంబ చరిత్ర దీనికి అడ్డంగా వచ్చి తగులుతుంది. ఆ రెండు కుటుంబాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, యుద్ధం గెలిచాక ఎవరికి ఏం దక్కిందో ఏ ఉపన్యాసం కన్నా స్పష్టంగా కనిపిస్తుంది.

మార్టిన్ 1760 నవంబర్ 21న మసాచుసెట్స్‌లోని బెకెట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఎబెనీజర్ మార్టిన్ యేల్‌లో చదువుకున్న పాస్టర్. తల్లి సుసన్నా ప్లంబ్ కనెటికట్ తీరంలోని మిల్‌ఫర్డ్ ఊరి పిల్ల. పేరు మధ్యలో ఉన్న ‘ప్లంబ్’ తల్లి పుట్టింటి ఇంటిపేరే. తండ్రి బెకెట్‌లో పాస్టర్‌గా నిలదొక్కుకోలేకపోయాడు. ఏడేళ్ల పిల్లవాడిని మిల్‌ఫర్డ్‌లోని అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి పంపేశారు. అమ్మమ్మగారింట్లో పెరగడం మనకు వింత కాదు. మార్టిన్ కూడా పెద్దయ్యాక ఆ తాతగారిని తలుచుకున్నప్పుడల్లా ప్రేమగానే తలుచుకున్నాడు. పట్టుమని పదహారేళ్లు నిండకుండా సైన్యంలో చేరడానికి ఆ తాతనే ఒప్పించుకోవాల్సి వచ్చింది. 1776లో ఆరు నెలలకు సంతకం పెట్టాడు. న్యూయార్క్ చుట్టుపక్కల వరుస ఓటములు చూసి ఇంటికి తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది మళ్లీ చేరాడు, ఈసారి యుద్ధం ముగిసేదాకా.

ఆ ఏళ్లన్నీ ఇక్కడ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఫోర్ట్ మిఫ్లిన్‌లో ఫిరంగుల కింద గడిపాడు, మన్మత్‌లో పోరాడాడు, మోరిస్‌టౌన్ మంచులో రోజుల తరబడి తిండి లేకుండా ఉన్నాడు. బ్రిటిష్ సైన్యం ముట్టడిలో చిక్కి ఓడిపోయిన యార్క్‌టౌన్ దగ్గర మాత్రం ఆగాలి. 1781 అక్టోబర్‌లో అతను కందకాలు తవ్వే దళంలో సార్జెంట్. చీకట్లో తవ్వకం మొదలుపెట్టబోయే రాత్రి, పైకోటు వేసుకున్న ఒక అపరిచితుడు ఒంటరిగా వచ్చి వాళ్లతో మాట్లాడి వెళ్లాడు. కాసేపటికి తెలిసింది, ఆ వచ్చింది జార్జ్ వాషింగ్టన్ అని. ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్ల పదో నంబర్ బురుజు మీద దాడి జరిగినప్పుడు మార్టిన్ దళం గొడ్డళ్లతో ముందు నడిచి, శత్రువు పాతిన మొనదేలిన దుంగలను నరికి దారి చేసింది. వాళ్ల వెనకాల నుంచి ఆ కోటను బద్దలు కొడుతున్న అమెరికన్ ఫిరంగులన్నిటికీ అధిపతి హెన్రీ నాక్స్. మన కథలో రెండో కుటుంబం ఆయనది.

నాక్స్ ఏమీ కలిగిన ఇంట్లో పుట్టలేదు. బోస్టన్‌లో ఓడ కెప్టెన్ కొడుకు. తండ్రి కుటుంబాన్ని వదిలి వెస్టిండీస్ వెళ్లిపోయి అక్కడే చనిపోయాడు. పిల్లవాడు చదువు మానేసి పుస్తకాల దుకాణంలో పనికి కుదిరి, చివరికి సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. ఫిరంగుల విద్య చాలావరకు ఆ పుస్తకాల నుంచే నేర్చుకున్నాడు. 1775-76 చలికాలంలో టికాండరోగా కోట నుంచి 59 ఫిరంగులను మంచు మీద బళ్లతో బోస్టన్ దాకా ఈడ్పించుకొచ్చిన ఘనత ఆయనదే. ప్రతిభలో తక్కువవాడు కాదు, ధైర్యంలోనూ తక్కువవాడు కాదు. అయితే ఆయన జాతకం మార్చింది ఫిరంగులు కాదు, పెళ్లి.

ఆయన భార్య లూసీ ఫ్లకర్. ఆమె తండ్రి థామస్ ఫ్లకర్ బ్రిటిష్ రాజు తరఫున మసాచుసెట్స్ ప్రభుత్వ కార్యదర్శి. తల్లి హన్నా, శామ్యూల్ వాల్డో అనే పెద్ద భూస్వామి కూతురు. మెయిన్ తీరంలో పెనాబ్‌స్కాట్ అఖాతం వెంబడి లక్షల ఎకరాల మీద ఆ వాల్డోకు హక్కు పత్రం ఉంది. దాని మూలం 1630లో ఇంగ్లండ్‌లో ఇచ్చిన ఒక దానపత్రం. ఆ నేల మీద తరతరాలుగా ఉన్న పెనాబ్‌స్కాట్ ప్రజలను అప్పుడు ఎవరూ అడగలేదన్నది వేరే చెప్పనక్కర్లేదు. 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యం బోస్టన్ ఖాళీ చేసినప్పుడు లూసీ పుట్టింటివాళ్లు దానితోపాటు ఓడెక్కేశారు. ఆమె భర్తతో ఉండిపోయింది, వాళ్లను మళ్లీ చూడలేదు. ఆ బాధ మాటలకు అందేది కాదు. కానీ ఆస్తి లెక్కలో చూస్తే, రాజు పక్షం వహించిన వారసులు దేశం విడిచి పోగా, గెలిచిన పక్షంలో మిగిలిన వారసురాలు ఈమె. నాక్స్ ఆమె వాటాను ఆధారం చేసుకుని, రాజకీయ పలుకుబడితో, కొనుగోళ్లతో వాల్డో భూముల్లో అత్యధిక భాగాన్ని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. అత్తవారి ఆస్తి అంత పెద్ద ఎత్తున కలిసొచ్చిన అల్లుడు అమెరికా చరిత్రలో అరుదు.

ఇప్పుడు మళ్లీ సిపాయి దగ్గరికి వద్దాం. 1783 జూన్‌లో సైన్యం నుంచి ఇంటికి పంపేటప్పుడు మార్టిన్ చేతికి జీతం రాలేదు, జీతం బదులు కాగితాలు వచ్చాయి. ఒంటికి కాస్త మంచి బట్టలు కొనుక్కోవడానికి ఆ కాగితాలను అమ్ముకోవాల్సి వచ్చిందని అతనే రాశాడు. చేరినప్పుడు ఇస్తామన్న భూమి సంగతీ అంతే. మామూలు సిపాయికి 100 ఎకరాలు, మేజర్ జనరల్‌కు 1100 ఎకరాలు అని అమెరికన్ కాంగ్రెస్ మాట ఇచ్చింది. ఆ భూములు ఎక్కడో పడమటి అడవుల్లో. చేతిలో డబ్బు లేనివాడు అక్కడిదాకా వెళ్లి సాగు చేసుకోలేడు. దళారులు ఆ హక్కులను కారుచౌకగా కొనేశారు. ఆఫీసర్లకు మాత్రం ముందు జీవితాంతం సగం జీతం అన్నారు, తర్వాత దాన్ని అయిదేళ్ల పూర్తి జీతంగా మార్చారు. సిపాయికి ఆ పాటి హామీ కూడా లేదు.

ఒక చలికాలం న్యూయార్క్ ఎగువన డచ్చి కుటుంబాల పిల్లలకు బడి చెప్పి, మార్టిన్ 1784లో మెయిన్ తీరానికి చేరాడు. అక్కడ ఖాళీ భూమి ఉందని, రాజు తరఫు వారి ఆస్తి కాబట్టి ఇప్పుడది ప్రజలదేనని అందరూ అనుకుంటున్న కాలం అది. అడవి కొట్టి, రాళ్లు ఏరి, గుడిసె వేసుకున్నాడు. 1794లో అదే ప్రాంతపు అమ్మాయి లూసీ క్లూలీని పెళ్లి చేసుకున్నాడు. జనరల్ భార్య పేరూ లూసీయే, సిపాయి భార్య పేరూ లూసీయే. ఒక లూసీ తాతగారి పత్రంలో ఉన్న నేల మీదే రెండో లూసీ పిల్లల్ని కని పెంచింది.

నాక్స్ 1794 చివర్లో యుద్ధ మంత్రి పదవికి రాజీనామా చేసి, థామస్టన్‌లో ‘మాంట్‌పెలియర్’ అనే పెద్ద భవనం కట్టించుకుని మెయిన్‌లో దిగాడు. తన భూమిలో కూర్చున్నవాళ్లంతా డబ్బు కట్టాలన్నాడు. గొడవలు ముదిరాయి. కొన్ని చోట్ల రైతులు ఆదివాసుల వేషాలు వేసుకుని సర్వేయర్లను తరిమికొట్టారు. చివరికి ధరలు నిర్ణయించడానికి కమిషనర్లను వేశారు. మార్టిన్ సాగులో ఉన్న 100 ఎకరాలకు 1797లో 170 డాలర్లు ధర కట్టారు. ఆరేళ్లలో వడ్డీతో చెల్లించాలి.

170 డాలర్లు అంటే ఎంత? తర్వాతి రోజుల్లో అతనికి వచ్చిన పెన్షన్ నెలకు 8 డాలర్లు. ఆ లెక్కన దాదాపు ఇరవై ఒక్క నెలల పూర్తి పెన్షన్. కానీ అంగవైకల్యం లేని సిపాయికి అప్పటికి పెన్షన్ అన్న మాటే లేదు. 100 ఎకరాల్లో దున్నడానికి పనికొచ్చింది ఎనిమిది ఎకరాలు. మిగతాదంతా రాయి, బురద, అడవి. 1801లో మార్టిన్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. తననూ తన కుటుంబాన్నీ దొరవారి కాళ్ల దగ్గర పెడుతున్నానని, ఒక పేద కుటుంబాన్ని కష్టం నుంచి కాపాడే దారి ఏదైనా ఆలోచించమని అందులో వేడుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట యార్క్‌టౌన్‌లో ఒకే గెలుపు కోసం ఒకరు ఫిరంగి పేల్చారు, ఒకరు గొడ్డలి పట్టారు. ఇప్పుడు ఒకరు ‘దొరవారు’, ఒకరు కాళ్లు పట్టుకునేవాడు. ఆ ఉత్తరం చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. దాని వల్ల భూమి మాత్రం నిలబడలేదు. 1811 నాటికి సగం పోయింది. 1818 నాటికి తనదని చెప్పుకోవడానికి సెంటు భూమి లేదు.

ఇక్కడ తెలుగువాళ్లకు తప్పకుండా గుర్తు రావాల్సిన సంగతి ఒకటుంది. యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన సేనాని లార్డ్ కారన్‌వాలిస్. ఆయన 1786లో గవర్నర్ జనరల్‌గా ఇండియాకు వచ్చాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. దాన్నే 1802లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులకు, అంటే నేటి కోస్తాంధ్రలో చాలా భాగానికి, తెచ్చింది. అక్కడా దున్నేవాడు ఒకడు, కాగితం మీద పేరున్నవాడు మరొకడు. రెండు ఖండాల్లో, గెలిచిన నాక్స్ చేతిలోనూ ఓడిన కారన్‌వాలిస్ చేతిలోనూ దాదాపు ఒకే దశాబ్దంలో భూమి వ్యవహారం ఒకే వైపు తిరగడం ఆలోచింపజేస్తుంది. తేడాలు చాలా ఉన్నాయి, ఆ రెండు పద్ధతులూ ఒకటే అనడం తప్పు. కానీ పట్టా కాగితం లేని సాగుదారుడి టెన్షన్ ఏమిటో సర్కారు జిల్లాల రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

కుటుంబ చరిత్ర రాసేవాళ్లు పిల్లల పేర్ల దగ్గర ఆగి చూడడం మంచి అలవాటు. మార్టిన్ పిల్లలు జోసెఫ్, కవలలు నేథన్, థామస్, తర్వాత జేమ్స్ సలివన్, హన్నా సూజన్. జోసెఫ్ తండ్రి పేరే. సూజన్ అన్నది సుసన్నా అనే నాయనమ్మ పేరుకు పొట్టి రూపం. నాయనమ్మల, తాతల పేర్లు పెట్టుకునే మనకు ఇది సులువుగానే అర్థమవుతుంది. మరి జేమ్స్ సలివన్ ఎవరు? మెయిన్‌లో పుట్టి, 1807లో మసాచుసెట్స్ గవర్నర్ అయిన నాయకుడి పేరు అది. ఆయన హయాంలో, 1808లో, పట్టా లేకుండా సాగు చేసుకున్న రైతును వెళ్లగొడితే అతను నేలకు చేసిన మెరుగులకూ, కట్టిన కొట్టానికీ విలువ కట్టి ఇవ్వాలనే చట్టం వచ్చింది. మెయిన్ రైతులు ఆయన్ను తమవాడిగా చూసుకున్నారు. మార్టిన్ ఈ పేరు ఎందుకు పెట్టాడో రాసి పెట్టలేదు. అయినా సగం భూమి పోగొట్టుకున్న తండ్రి కొడుక్కి ఇంటిపేరుతో సహా అదే పేరు పెట్టడం కాకతాళీయం అనుకోవడం కష్టం.

1818 మార్చిలో పెన్షన్ చట్టం వచ్చింది. కనీసం తొమ్మిది నెలలు కంటినెంటల్ సైన్యంలో, అంటే కాంగ్రెస్ నడిపిన సైన్యంలో, పనిచేసి, ఇప్పుడు పేదరికంలో ఉన్న సిపాయికి నెలకు 8 డాలర్లు, ఆఫీసర్‌కు 20 డాలర్లు. యుద్ధం ముగిసిన ముప్పై అయిదేళ్లకు. అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది అర్జీ పెట్టుకున్నారు. ఖర్చు చూసి ప్రభుత్వం బెదిరిపోయి 1820లో మెలిక పెట్టింది. ప్రతి పెన్షన్‌దారుడూ కోర్టుకొచ్చి, ప్రమాణం చేసి, తన పేదరికాన్ని వస్తువు వస్తువుగా లెక్క చెప్పాలి. ఇంట్లో ఎవరెవరున్నారో, వాళ్లు పని చేయగలరో లేదో కూడా చెప్పాలి. మొదట్లో చూసిన ఆవులూ గొర్రెలూ ఆ మెలిక వల్లే కాగితానికెక్కాయి. సిపాయిలకు అది అవమానం. చరిత్రకారులకు మాత్రం అలాంటి నిధి మరొకటి లేదు. ఎన్ని కుర్చీలున్నాయో, ఏ కుండకు బీట పడిందో, ఎవరికెంత బాకీ ఉన్నారో చెప్పే పత్రాలు వేలాది పేద ఇళ్ల గురించి దొరకడం మామూలు విషయం కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. 1800 నవంబర్‌లో యుద్ధ శాఖ కార్యాలయం కాలిపోయింది. సైనిక రికార్డులు చాలావరకు అందులో బూడిదయ్యాయి. 1814లో బ్రిటిష్‌వాళ్లు వాషింగ్టన్ నగరానికి నిప్పు పెట్టినప్పుడు మరికొన్ని పోయాయి. అందుకే అర్జీదారు తన కంపెనీ కెప్టెన్ ఎవరో, ఏ యుద్ధంలో ఉన్నాడో జ్ఞాపకం మీద చెప్పాలి, పాత స్నేహితుల చేత సాక్ష్యం ఇప్పించుకోవాలి. 1832లో పేదరికం నిబంధన తీసేసి, ఆరు నెలల సేవ ఉన్నవాళ్లకు కూడా పెన్షన్ తెచ్చాక ఈ జ్ఞాపకాలు మరింత పెరిగాయి. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ యుద్ధానికి సంబంధించి దాదాపు 80,000 పెన్షన్, భూమి ఫైళ్లు ఉన్నాయి.

వితంతువులకు పెన్షన్ మొదలయ్యాక పెళ్లి తేదీ డబ్బుతో ముడిపడింది. 1836 చట్టం ప్రకారం భర్త సైన్యంలో ఉండగానే పెళ్లి అయ్యుండాలి. 1838లో దాన్ని 1794కు ముందు పెళ్లయినవాళ్లకు పొడిగించారు, 1848లో 1800 దాకా, 1853లో తేదీతో పని లేకుండా. పెళ్లి రుజువు ఎక్కడ నుంచి తేవాలి? చాలామంది ఇంటి బైబిల్లో పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న పేజీని చింపి వాషింగ్టన్‌కు పంపారు. పెన్సిల్వేనియాలోని జర్మన్ కుటుంబాలు పక్షుల, పూల బొమ్మలు వేయించుకున్న రంగురంగుల జనన పత్రాలను గోడ మీంచి తీసి జత చేశాయి. అవి తిరిగి రాలేదు, ఈనాటికీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఇంటి జ్ఞాపకాన్ని చింపి పంపితే తప్ప ఇంట్లో పొయ్యి వెలగని ఆ ముసలమ్మ చేతులను ఒక్క క్షణం ఊహించుకోవాలి. ఈ పరంపర ఎంత సాగిందంటే, 1783లో ముగిసిన యుద్ధం తాలూకు చివరి వితంతు పెన్షన్‌దారు ఎస్తర్ డేమన్ 1906లో చనిపోయింది. ఇరవై ఒకటో ఏట డెబ్బై దాటిన సిపాయిని పెళ్లి చేసుకున్న మనిషి ఆమె.

ఆ మాత్రం కాగితం కూడా దక్కనివాళ్లున్నారు. జెహూ గ్రాంట్ రోడ్ ఐలండ్‌లో బానిస. అతని యజమాని బ్రిటిష్ పక్షం. 1777లో యజమాని నుంచి తప్పించుకుని అమెరికన్ సైన్యంలో చేరి, సుమారు పది నెలలు బండి తోలాడు, పనులు చేశాడు. తర్వాత యజమాని పట్టుకుపోయాడు. చూపు పోయిన ముసలితనంలో, 1830లలో పెన్షన్ కోసం రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. పారిపోయిన బానిసగా ఉన్న కాలంలో చేసిన సేవ లెక్కలోకి రాదని తోసిపుచ్చారు. స్వేచ్ఛ కోసం యుద్ధం అంటూ చుట్టూ జనం ఉత్సాహపడుతుంటే తనకూ అది నచ్చిందని, అందుకే వెళ్లానని అతను చెప్పుకున్నాడు. స్వేచ్ఛ కోసం పారిపోవడమే అతని నేరమైంది. ఇంతకన్నా అన్యాయమైన తిరస్కారం ఆ ఫైళ్లలో మరొకటి కనిపించడం కష్టం.

ఆఫీసర్ల వంశాలకు వేరే ఏర్పాటు జరిగింది. 1783లోనే నాక్స్ చొరవతో ‘సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి’ ఏర్పడింది. సభ్యులు ఆఫీసర్లే. సభ్యత్వం పెద్ద కొడుక్కి వారసత్వంగా పోతుంది. రాజరికాన్ని కూల్చినవాళ్లే కొత్త జమీందారీ వంశాలు తయారుచేస్తున్నారని అప్పట్లోనే గట్టిగా విమర్శలొచ్చాయి. మామూలు సిపాయి వారసులు ‘మా తాత ఆ యుద్ధంలో ఉన్నాడు’ అని దేశవ్యాప్త సంఘాలు పెట్టుకుని చెప్పుకునే రోజు రావడానికి 1889, 1890 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు పుట్టిన ‘సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’, ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ సంఘాల్లో చేరాలంటే వంశవృక్షం రుజువు చేయాలి. ఆ రుజువుల కోసం జనం పరుగెత్తింది ఆ పాత పెన్షన్ ఫైళ్ల దగ్గరికే. ముత్తాత సిగ్గుపడుతూ చెప్పుకున్న పేదరికం మునిమనవరాలికి గౌరవ పత్రమైంది.

నాక్స్ కుటుంబం కూడా సుఖపడిందని చెప్పలేం. పదముగ్గురు పిల్లల్లో పెద్దయ్యేదాకా బతికింది ముగ్గురే. ఆయన వ్యాపారాలన్నీ అప్పుల్లో కూరుకుపోయాయి. 1806లో గొంతులో కోడి ఎముక ఇరుక్కుని, అది వికటించి యాభై ఆరేళ్లకే చనిపోయాడు. మాంట్‌పెలియర్ భవనం శిథిలమై 1871లో కూల్చేశారు. ఇప్పుడు థామస్టన్‌లో సందర్శకులు చూసేది ఆ తర్వాత నమూనాగా కట్టినది. బిడ్డల్ని ఒక్కొక్కరినే మట్టిలో పెట్టిన ఆ లూసీ దుఃఖం కూడా దుఃఖమే.

మార్టిన్ మాత్రం చాలాకాలం బతికాడు. ఊళ్లో గుమస్తాగా ఏళ్ల తరబడి పనిచేశాడు. ఊరివాళ్ల జనన మరణాలు, హద్దులు, తీర్మానాలు రాసింది ఆ చెయ్యే. తన కథ కూడా రాసి 1830లో హాలోవెల్ పట్టణంలో పేరు లేకుండా అచ్చు వేయించాడు. ఎవరూ పెద్దగా కొనలేదు. 1836లో అమెరికన్ సైనిక దళం ఒకటి ఆ దారిన కవాతు చేస్తూ పోతూ, ఆ ముసలాయన ఎవరో తెలిసి, అతని ఇంటి ముందు ఆగి గౌరవంగా తుపాకులు పేల్చింది. 1850 మే 2న, ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూశాడు. శాండీ పాయింట్ శ్మశానంలో అతని రాతి మీద పేరు కింద ‘విప్లవ సైనికుడు’ అని చెక్కారు. ఆ శ్మశానం ఉన్న నేల కూడా ఒకప్పుడు వాల్డో పత్రంలోనిదే.